మేస్త్రి కోసిన అంగుళం

నడుం నొప్పికి దూది పరుపు పనికిరాదని డాక్టరు తేల్చేశాక, పరుపుల కొట్టులో మంచం కొలత అడిగితే, భవానీపురం ఇంటి వెనక గదిలో ఉన్న మా నాన్నగారి మంచానికి ఇన్నేళ్లలో మొదటిసారి మొన్న టేపు పెట్టాను. పొడవు డెబ్బయ్యేడు అంగుళాలు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొలిచినా అంతే. ఆ మంచం బొమ్మ గీసింది నేను. నేను గీసింది డెబ్బయ్యెనిమిది. ఆ ఒక్క అంగుళం కోసం నేనెంత పోట్లాడానో తెలిసినవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి, నా ఈడువాళ్లైన మీకు చెప్పుకుంటున్నాను.

డెబ్బైల్లో గవర్నర్‌పేటలో మా నాన్నగారికి ఫర్నిచర్ కొట్టు, దాని వెనకే పనిశాల ఉండేవి. ఊరంతా స్టీలు బీరువాలకూ ఇనప కుర్చీలకూ ఎగబడుతున్న ఆ రోజుల్లో, మేము మాత్రం జమీందారుల దివాణాల్లోవీ దొరల బంగళాల్లోవీ చూసి, పాతకాలపు కుర్చీలూ మంచాలూ కొత్తగా చేయించి అమ్మేవాళ్లం. బి.ఏ.లో చరిత్ర చదివానన్న గీరతో బొమ్మలు నేను గీసేదాన్ని, నాన్నగారికంటే పదేళ్లు పెద్దవాడైన మేస్త్రి వాటిని టేకులోకి దింపేవాడు. కాగితం తలకిందులుగా పట్టుకుని కూడా, నేను గీసిన కుర్చీ కాలు ఎక్కడ సన్నబడి విరుగుతుందో చెప్పగలిగేవాడాయన.

ఒక ఏడు నాన్నగారికి తనకంటూ ఒక మంచం చేయించుకోవాలని బుద్ధి పుట్టింది. బందరులో ఒక పాత ఇంట్లో డచ్చివాళ్ల నాటిదని చెప్పుకునే మంచం ఉందంటే, బస్సెక్కి వెళ్లి, దాన్ని అణువణువూ కొలుచుకొచ్చాను. పొడవు డెబ్బయ్యెనిమిది, వెడల్పు యాభై ఒకటి. మేస్త్రి ఆ రెంటినీ నేల మీద సుద్దముక్కతో హెచ్చవేసి, ఎనిమిదితో భాగించి, రెండు మిగలడం చూసి సుద్ద పక్కన పెట్టేశాడు. మిగిలినదాన్ని బట్టి ఆయం, అంటే వాస్తు లెక్కలో ఆ కొలతకు మంచో చెడో. రెండు మిగిలితే ధూమాయం, మంచానికి కూడదు. పొడవులో అంగుళం తగ్గిస్తే ఏడు మిగిలి, మంచానికి మేలైన గజాయమవుతుందని ఆయన వాదన.

"ధూమమంటే పొగండీ అమ్మాయిగారూ. పొగలో ఎవరన్నా పడుకుంటారాండీ?"

"నాన్నగారు రోజూ చుట్ట పొగలోనే కదా పడుకునేది. మీ పొగ అంతకంటే ఘాటా మేస్త్రిగారూ?"

పనివాళ్లు నవ్వారు. "పడుకునేవాణ్ణి, నన్నెవరూ అడగరేం" అని నాన్నగారూ నవ్వారు. చరిత్రను అంగుళం కోస్తే అది చరిత్ర కాదని, ఏ ఆయం చూసుకుని డచ్చివాళ్లు బందరులో కోట కట్టారని మూడు రోజులు వాదించాను. చివరికాయన, "సరేనండీ, మీ మాటే కానివ్వండి" అన్నాడు. గెలిచాననుకున్నాను. మంచం తయారయ్యాక కొలిచి చూడాలని కూడా తోచలేదు, ఓడిపోయిన మనిషి ఎదురు తిరగడని నా ధీమా.

నాన్నగారు ఆ మంచం మీద ఏడు నెలలు పడుకున్నారు. ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవారు మళ్లీ లేవలేదు. ఆయన గుండె బలహీనమని డాక్టరు అంతకుముందే చెప్పాడు, చుట్టలు మానమనీ చెప్పాడు. కానీ పదోరోజు నాటికి పనిశాల మాట ఇంటికి చేరింది. "చదువుకున్న కూతురు ధూమాయంలో మంచం చేయించి మా అన్నయ్యను పొట్టన పెట్టుకుంది" అని మేనత్త నలుగురిలో అనేసింది. ఆమెకు నాలుగు జవాబులు చెప్పాను. నాకు నేను ఒక్కటీ చెప్పుకోలేకపోయాను.

పెద్దకర్మ అయ్యాక మేస్త్రి వచ్చాడు. వీధి అరుగు దగ్గరే నిలబడి, "అమ్మాయిగారూ, ఆ మంచం సంగతి..." అన్నాడు.

"చాలండి. చెప్పినా వినలేదనేగా? మీ ఆయమే గెలిచింది, ఊరంతా చాటుకోండి."

ఆయన జారిన కండువా భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడే కొట్టు మూతపడింది. గుడివాడ దగ్గర కూతురింట్లో ఆయన పోయాడని తర్వాతెప్పుడో విన్నాను.

ఆ మంచాన్ని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేకపోయారు. ధూమాయం నిజమైతే నన్నూ తీసుకుపోవాలి కదా అని, మొండికేసి ఇన్నేళ్లూ దాని మీదే పడుకున్నాను. ఆ డెబ్బయ్యెనిమిదిని కళ్లారా చూడాల్సొస్తుందని, టేపు పెట్టే ధైర్యం మాత్రం చేయలేదు.

ఇప్పుడు కూర తరుగుతున్నా, బస్సులో కూర్చున్నా మేస్త్రి అన్న ఆ సగం మాటే వినిపిస్తోంది. తప్పు మీది కాదమ్మా, నేను తగ్గించేశాను అనబోయాడా? మీకు చెప్పకుండా చేశాను, ఆ పాపం నాదేమో అనబోయాడా? గజాయంలో చేసినా మనిషి దక్కలేదే, మరి నా విద్య ఏమైనట్టు అని నన్నే అడగడానికి వచ్చాడా? రోజుకో రకంగా ఆ మాట పూర్తి చేస్తున్నాను, ఏదీ ఆయన గొంతులో పలకడం లేదు.

ఈ రోజుల్లో మంచాలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి. చేసినవాడెవడో మనకు తెలియదు, పడుకునేదెవరో వాడికి తెలియదు, కొలత గురించి పోట్లాటే లేదు. నాలాంటిదానికి అది సుఖమే అనుకోవాలి. కానీ పైకి సరేనని తలూపి, చాటుగా మన మాట కాదని మన మేలు చూసే మనిషి కూడా ఆ పోట్లాటతోపాటే పోయాడు.