నిన్నటి మనిషి

మా మేనమామ ఏ మాటకూ కట్టుబడడు. అలాంటి మనిషికి ఒక తత్వం కూడా దొరికితే ఎంత రోతగా ఉంటుందో ఆయన్ను చూశాకే నాకు తెలిసింది. "నేను అనేది ఒకటి లేదమ్మా. కాలువ నీళ్ల మాదిరి మనిషి క్షణక్షణానికీ మారతాంటాడు," అంటూ కళ్లు సగం మూసి చిటికె వేసేవాడు. అన్నం దగ్గర మాత్రం ఎప్పుడూ ఆ పాత మనిషే.

కర్నూలు ఆసుపత్రిలో అమ్మకు ఆపరేషన్ అన్నప్పుడు, రక్తం తానే ఇస్తానని సాయంత్రం ఆమె చేయి పట్టుకుని చెప్పాడు. తెల్లారి ఎంతకూ రాకపోతే ఫోన్ చేశాను. "నిన్న ఒప్పుకున్నోడు నిన్ననే పాయెనమ్మా. వాని మాటకు నన్ను పట్టుకుంటే ఎట్ల?" అన్నాడు. ఫోన్లో చిటికె కూడా వినిపించింది.

'నేను' పోవడమంటే గర్వం పోవడమని నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నాకు నేర్పాడు. ఈయనలో పోయింది మాట ఒక్కటే, గర్వం చెక్కుచెదరలేదు.

పక్క మంచం ఆమె భర్త బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే మనిషి. నా ఏడుపు చూసి, "నాది అందరికీ సరిపోయే రక్తమంటక్కా. నేనిస్తాలే," అని లేచాడు. ఆయన్ను దేవుడే పంపాడు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

అమ్మ గట్టెక్కిన మర్నాడు మామ ద్రాక్షపండ్లతో వచ్చి, "ఎట్లుండావక్కా?" అన్నాడు.

అమ్మ కళ్లు తెరిచి చూసింది. "మీ అక్క నిన్ననే పాయెనప్పా. నేను బేతంచెర్లోళ్ల ఆడబిడ్డను. ఆడోళ్ల వార్డులో పరాయి మగోళ్లు ఉండకూడదంట, బయటికి నడువు."