ముద్ద దిగే దారి

మా ఆయన ఒక సినిమా కంపెనీలో దుస్తులు చూసుకునేవాడు. ఎనభైల చివర్లో కృష్ణానగర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ఆయన పొద్దున్నే ఫిల్మ్ నగర్‌కు నడిచి వెళ్లేవాడు. నేను ఇంట్లో కూర్చుని డాన్సర్ల లంగాలకు చమ్కీలు కుట్టేదాన్ని. సాయంత్రం ఇద్దరం ఒకే పళ్లెంలో తినేవాళ్లం. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం ఉంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. రొట్టె పెనం మీద ఉండగానే వచ్చి అంచు తుంచుకునేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం షూటింగ్ దగ్గర, మరకలు వదలగొట్టేందుకు కలిపిన కాస్టిక్ సోడా నీళ్లు ఎవరో కూల్‌డ్రింక్ సీసాలో పోసి కిటికీలో పెట్టారు. దాహంతో వచ్చిన ఆయన మంచినీళ్లనుకుని గటగటా తాగేశాడు.

నేను ఆసుపత్రికి చేరేసరికి నోరంతా బొబ్బలు. ఉమ్మి కూడా మింగలేక తువ్వాలులోకి వదులుతున్నాడు. పొట్టకు గొట్టం వేసి అందులోంచి పాలు పోశారు. కొన్నాళ్లకు నోరు మానింది, జావ తాగాడు, గొట్టం తీసి ఇంటికి పంపించారు. గండం గడిచిందనుకున్నాం. కానీ రాను రాను జావ కూడా గొంతు కిందే ఆగి వెనక్కి రావడం మొదలైంది. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాం.

అక్కడ కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉండేది. ఆవిడ్ని పట్టుకుని అడిగాను.

"నోట్లె పుండ్లు మానినయి గద డాక్టరమ్మా. లోపల ఎందుకు మానలే?"

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆహారం దిగే గొట్టం లోపల కూడా పొరలుంటాయమ్మా. పైపొర అరిగి రాలిపోతూనే ఉంటుంది. అన్నిటికన్నా అడుగున మూలకణాలుంటాయి. అవి కొత్త కణాల్ని పుట్టించి పైకి పంపిస్తుంటాయి. పైపైన కాలితే అవే మళ్లీ పొర తయారుచేసేవి. మీ ఆయనకి కొన్నిచోట్ల ఆ అడుగు వరస కూడా కాలిపోయింది. అక్కడ మచ్చ కట్టి దారి బిగుసుకుపోయింది."

"ఇగ ఎప్పటికీ రాదా?"

"అంచుల్లో బతికున్నవి మెల్లగా జరుగుతూ వచ్చి కప్పుకోవాలి. ఈలోగా దారి మూసుకుపోకుండా మనం సాగదీస్తూ ఉండాలి. ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేనమ్మా."

అప్పట్నుంచి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లడమే మా పని అయింది. సన్నవాటితో మొదలుపెట్టి లావువాటి దాకా రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే గొంతులోకి దించేవారు. ఆయన ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చి, నా భుజం పట్టుకుని నిలబడేవాడు. తిరుగు బస్సులో నేను ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. లోపల ఆ మిగిలిన కణాలు ఎంతవరకు వచ్చాయో, అసలు కదిలాయో లేదో చూసే కళ్లు నాకెక్కడివి?

ఇంట్లో పోపు పెట్టడం మానేశాను. వాసనొస్తే ఆయన గుమ్మం బయటికి వెళ్లి కూర్చునేవాడు. ఆయనకు జావ పోసి, పక్కగదిలో ఉండే డాన్సరమ్మాయి దగ్గరికి వెళ్లి నాలుగు మెతుకులు తిని వచ్చేదాన్ని. ఒకరోజు పట్టుకున్నాడు.

"ఏందే, నా ముందట తిననని ఒట్టు పెట్టుకున్నవా?"

నేను జావ గిన్నె కడగడానికి లేచాను.

"ఇయ్యాల రొట్టె చెయ్. ఈడ్నే కూసొని తిను. నేను జూస్త."

చేశాను. నమలుతుంటే కన్నీళ్లు ఆగలేదు. ఆయన మాత్రం మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని, నేను తుంచడం, కారం అద్దుకోవడం అన్నీ చూశాడు.

"కారం తక్కువేసినవ్. నీ ముక్కు కారుతలే," అన్నాడు.

ఏడుస్తూనే నవ్వాను. ఆ రోజు నుంచి మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నాం, ఆయన ముందు జావ గిన్నె, నా ముందు పళ్లెం.

ఆసుపత్రికి వెళ్లే సందర్భాల మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఒకసారి కెమెరా గొట్టం వేసి చూసి డాక్టరమ్మ, "చాలావరకు కొత్త పొర కప్పిందండీ. మెత్తటి అన్నం మొదలుపెట్టండి," అంది. అన్నం దిగింది. ఆ తర్వాత వానాకాలంలో ఆయనే రొట్టె అడిగాడు. పప్పులో బాగా నానబెట్టి చిన్న ముక్క ఇచ్చాను. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలి మింగాడు. సగంలో ఆగింది. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. గుక్కెడు నీళ్లు తాగించాను.

"దిగింది," అన్నాడు. "ఇంకోటియ్యి."

ఆ దారి పూర్తిగా మునుపటిలా ఎన్నడూ కాలేదు. పనిలోకి వెళ్లాడు గానీ, ప్రతి ముద్దా చిన్నగా చేసుకుని, నమిలి నమిలి, నీళ్లు తాగుతూ తినేవాడు. నేను తినడం అయిపోయినా పళ్లెం ముందే కూర్చునేదాన్ని. ఆ వ్యవధిలోనే మా మాటలన్నీ. సెట్లో ఎవరి జాకెట్టు బిగుతైంది, జూబ్లీ హిల్స్‌లో ఏ ఇంట్లో కొలతలు తీసుకోవడానికి ఎంతసేపు నిలబెట్టారు, అన్నీ చెప్పేవాడు. చెయ్యి ఎండిపోయేది, లేవబుద్ధయ్యేది కాదు.

ఆయన తర్వాతెప్పుడో గుండెజబ్బుతో పోయాడు. గొంతుతో దానికి సంబంధం లేదు. ఇప్పుడు నా తిండి తొందరగా అయిపోతుంది. స్టవ్ పక్కనే నిలబడి తినేసి, పళ్లెం కడిగి బోర్లిస్తాను. ఆ తర్వాత చాలా సాయంత్రం మిగిలిపోతుంది.