కళ్ళజోడు తీసి చూసే మనిషి

మా వీధి మలుపులో ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. కొట్టాయనకు ఇంట్లో పెట్టిన పేరు ఏదైనా, వీధి మొత్తానికి ఆయన 'కాస్తజరుపు'. కుర్చీ అయినా, క్యాలెండరయినా, ఎదురుగా నిలబడ్డ మనిషయినా, ఆయన కంటికి ఉండవలసిన చోటికి బెత్తెడు ఇవతలే ఉంటుంది. కంచంలో కూర కూడా పక్కకు జరిపించి గానీ తినడట. ఈ మాట వాళ్ళావిడే చెప్పింది. నేను అడిగాననుకోండి.

ఫ్రేములతో పాటు అద్దాల పెట్టెలు కూడా చేస్తాడు. పోయినవాళ్ళ వస్తువులో, పసివాళ్ళ తొలి బూట్లో తెచ్చి ఇస్తే, గుడ్డ అంటించిన అట్ట మీద అమర్చి పైన అద్దం బిగిస్తాడు. బిగించడం గంట పని, అమర్చడానికి మాత్రం వారం. బల్ల మీద పరిచి, చుట్టూ ప్రదక్షిణం చేసి, చివరికి కళ్ళజోడు తీసేసి చూస్తాడు. అది లేకపోతే ఆయనకు గోడకూ గుమ్మానికీ తేడా తెలియదు. మరి తీయడమెందుకని ఒకరోజు ఆరా తీశాను.

"జోడుంటే వస్తువులు కనబడతాయి అక్కయ్యగారూ. తీస్తే వాటి బరువులు కనబడతాయి" అన్నాడు.

మసకలో కత్తెర కత్తెరలా కాక నల్లటి మరకలా ఉంటుందట. ఆ మరకలన్నీ ఒక పక్కకు ఒరిగిపోకుండా నిలిస్తే పెట్టె కుదిరినట్టేనట.

మా వెనక వీధి టైలరమ్మ పోయి ఏడాది కావస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆడపిల్లలకు కుట్టు నేర్పింది. "నా కన్ను కళ్ళజోడు ఎరగదు" అని చెప్పుకోని రోజు లేదు. ఆవిడ కూతురు ఆస్పత్రిలో నర్సు. తల్లి నడిపిన కుట్టు బడి గోడకు ఆదివారం ఒక పెట్టె తగిలించాలనుకుని, పాత శిష్యురాళ్ళందరినీ పిలిచింది. కత్తెర, టేపు, దారపుండ, జాకెట్టు చేతి నమూనా పెన్సిలుతో గీసిన కాగితం, మిషను పక్కన నిలబడ్డ ఫొటో తెచ్చి కాస్తజరుపుకు అప్పజెప్పింది. ఫొటో నడిమధ్యన ఉండాలంది. ఆయన ససేమిరా అన్నాడు. ఫొటోలో టైలరమ్మ చూపు కుడివైపుకు ఉంది, మనిషి ఎటు చూస్తే అటు చోటు వదలాలి, లేకపోతే గోడకేసి కూర్చోబెట్టినట్టుంటుందని ఆయన వాదన. ఎవరూ పిలవకపోయినా నేనే మధ్యలో దూరి, ఫొటో ఎడమ పక్కన ఉండేలా నర్సును ఒప్పించాను.

గురువారం పెట్టె కాగితం చుట్టుకుని నర్సు ఇంటికి చేరింది. ఆ సాయంత్రం నుంచి కాస్తజరుపు కళ్ళజోడు మాయం. వాళ్ళావిడ పప్పుడబ్బాలతో సహా వెతికింది. శనివారం నేను వెళ్ళేసరికి ఎవరిదో పెళ్ళిఫొటో తలకిందులుగా బిగిస్తున్నాడు. ఆఖరిసారి ఎప్పుడు తీశావని నిలదీస్తే, టైలరమ్మ పెట్టె చూడటానికన్నాడు. ఎక్కడ పెట్టావంటే మాత్రం మళ్ళీ బల్ల తడమడం మొదలుపెట్టాడు.

"ఒక్కటి మాత్రం చెప్పగలను. అంత బాగా కుదిరిన పెట్టె నా చేతుల్లో మరొకటి లేదు. పై మూలన కాస్త వెలితిగా ఉండేది. కాసేపటికి దానంతటదే నిండిపోయింది" అన్నాడు.

మేకులు ఆయన తడుముకునే కొడతాడని నాకు తెలుసు. ఉన్నపళంగా నర్సు ఇంటికి వెళ్ళాను. ఆమె ఇంకా పొట్లం విప్పలేదు, నేను విప్పాను. పై మూలన, దారపుండ కోసం వేసిన జిగురుబొట్టు మీద, కాళ్ళు రెండూ బుద్ధిగా ముడుచుకుని కాస్తజరుపు కళ్ళజోడు కూర్చుని ఉంది.

నర్సు మొహం కందిపోయింది.

"రేపు ముప్పైమంది వస్తారు పెద్దమ్మా. అమ్మ బతుకంతా చెప్పుకున్న మాట అబద్ధమని నేనే గోడకు కొట్టి చూపించినట్టుంటుంది" అంది.

పెట్టె ఎత్తుకుని ఇద్దరం కొట్టుకు పరుగెత్తాం. కళ్ళజోడు ఊడదీయాలంటే ముందు ఆయనకు కళ్ళజోడు కావాలి. చివరికి ఉలి వాళ్ళావిడే పట్టింది. ఆ చోట, కొట్టు బల్ల మీదే ఉండిపోయిన దారపుండ అంటించి, జిగురు మరకల జోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసి, పెట్టె కుంటుతోందని మూలిగాడు. కుంటినా ఫరవాలేదు, అబద్ధమాడకుండా ఉంటే చాలంది నర్సు. మళ్ళీ మేకులు కొట్టించే దాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆదివారం ఆ చిన్న గదిలో ఆరు మిషన్ల మధ్య శిష్యురాళ్ళు కిక్కిరిసిపోయారు. పెట్టె చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు ఆ బడి నడుపుతున్న పెద్ద శిష్యురాలు మాత్రం ఎగాదిగా చూసి, "అన్నీ పెట్టావు గానీ, కళ్ళజోడు మరిచిపోయావేమే?" అంది.

మిగతావాళ్ళంతా నేల చూపులు చూస్తూ అసలు సంగతి బయటపెట్టారు. కూతురు ఆస్పత్రికి బయలుదేరగానే టైలరమ్మ మిషను సొరుగు తెరిచేదట. గుమ్మంలో కూతురి అలికిడి కాగానే మూసేసేదట. ఎవరికీ చెప్పకూడదని ఒక్కొక్కరి చేతా విడివిడిగా ఒట్టు వేయించుకుందట. పెద్ద శిష్యురాలు సొరుగు లాగి తీసింది. కాలు ఒకటి విరిగితే నల్లదారంతో కట్టిన జోడు.

కాస్తజరుపు నావైపు గర్వంగా చూసి, పెట్టె విప్పడానికి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బాబాయ్. లేదని ఇన్నేళ్ళూ నాతో చెప్పింది. పెట్టెలో ఆ మాటే ఉండనీ."

"పెట్టె ఒరిగి ఉంది తల్లీ."

"ఉండనీ. ఆవిడా కాస్త ఒరిగే నిలబడేది."

ఆయన ఫొటోకేసి చూసి, స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు.

తల్లి జోడును నర్సు సరదాకి పెట్టుకుంది. అందరం నవ్వాం. ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళి, కాగితం మీద పెన్సిలుతో వేసిన చిన్న చిన్న కొలతలు ఒక్కొక్కటీ చదివింది. నవ్వడం మానేసి మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత జోడు మడిచి మెల్లగా సంచిలో వేసుకుంది. నేను ఊరుకోలేక, ఎందుకే అన్నాను.

"ఊరికే పెద్దమ్మా. నాకు చత్వారమేం లేదు" అంది.