తడి తువ్వాలు

నాన్న పోయాక షెడ్డులో పడివున్న ఆయన పాత కారును ఏడాదిపాటు ఆదివారాలన్నీ పెట్టి బాగుచేశాను. మొన్న మే నెలలో, మొదటి షికారుకు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఆమె ఒళ్ళో తడి తువ్వాలు చూసి, ఏసీ లేదని తెచ్చుకుందనుకున్నాను.

బెళ్ళందూరు ట్రాఫిక్‌లో ఇంజన్ ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు. ప్లగ్గులు, కార్బురేటర్ అన్నీ చూశాను. ఏమీ అంతుపట్టలేదు.

“ఏమైందప్పా?” అంది అమ్మ.

“నీకు తెలీదులేమ్మా, కూర్చో,” అని విసుక్కున్నాను.

ఆమె దిగి వచ్చింది. “రొంత తప్పుకో. పెట్రోలు పంపు కాగి ఉండాది,” అంటూ తువ్వాలు దానికి చుట్టి, సీసాలోని నీళ్ళు పోసింది. “వేడికి లోపల పెట్రోలు ఆవిరైపోతాదంట. ఎండాకాలంలో మీ నాయన ఇట్లే చేస్తా ఉండె.”

పది నిమిషాలకు ఇంజన్ అందుకుంది. అమ్మ తువ్వాలు పిండి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

ఆ కారు గురించి బెంగళూరులో నేనడగని మెకానిక్ లేడు. నాన్న పక్క సీట్లో ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కమాటా అడగలేదు.