రాజేశమన్న, తురాయి లేని ఆరు నెమళ్లు

నిన్న పొద్దున రాజేశమన్న నంబర్ నుంచి ఫోన్ వస్తే, ఎప్పటిలెక్కనే "చెప్పు అన్నా" అనుకుంట ఎత్తిన.

అటు దిక్కు ఆయన కొడుకు.

"బాపు ఇగ లేడు అత్తమ్మా" అని చెప్పి ఆ పిల్లగాడు ఫోన్ పెట్టేసిండు. పిల్లగాడు అంటున్న గానీ వానికే అరవై ఏండ్లు.

నాకు ఎనభై దాటినయి. ఇసొంటి ఫోన్లు నాకు కొత్త కాదు. అయినా నిజం అనిపించలే.

మా పిల్లలకు, నా స్టూడెంట్స్‌కు ఆయన ఎవరో తెల్వదు. అందుకే ఈ పోస్ట్.

అరవైల్లో నాకు మెట్‌పల్లిల టీచర్‌గా ఫస్ట్ పోస్టింగ్. రాజేశమన్న అక్కడ పోస్టాఫీసుల క్లర్క్. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటి అరుగు మీద ఐదుగురు మగవాళ్లు కూసొని ప్లైవుడ్‌ల బొమ్మలు కోసేటోళ్లు. ఉద్యోగం కాదు, వ్యాపారం కాదు. ఉత్త సరదా.

ఇప్పుడు స్క్రోల్ సా అని కరెంటు మెషిన్ ఉంది, వీడియోలల్ల చూస్తున్న. అప్పుడు మాకున్నది చేతి రంపం. ఇనుప ఫ్రేముకు దారమంత సన్న బ్లేడు. ప్లైవుడ్ అంటే కిరాణా దుకాణంల ఖాళీ అయిన చాయ్‌పత్తా పెట్టెలే. కార్బన్ పేపర్ పెట్టి డిజైన్ దించుకోవాలె, కోయాలె, ఉప్పు కాగితంతో రుద్దాలె.

బ్లేడు పుటుక్కుమంటే ఆ వారం ఇరగ్గొట్టినోళ్లే అందరికీ చాయ్ పెట్టాలె. మొదటి నెల మొత్తం నేనే పెట్టిన.

నేను ఎట్ల చేరిన అంటే, కార్డులు కొననీకి పోయి ఆయన టేబుల్ మీద పెన్ స్టాండ్ చూసిన. ఆయన చేసిందేనట. నాకు నేర్పుతారా అని అడిగిన.

ఆదివారం రా చెల్లె, అన్నడు. ఇంకేం అడగలే.

మిగతావాళ్లకు అది నచ్చలే. ముఖ్యంగా మా అందరిల పెద్దాయనకు. ఒక ఆఫీసుల హెడ్ క్లర్క్. మంచి మనిషే గానీ, ఆడపిల్ల రంపం పట్టుడు ఆయనకు మింగుడు పడలే.

ఆయన పెట్టిన రూల్స్ రెండుండె. లోపలి బొక్కలు ముందు కోయాలె, బయటి అంచు ఆఖరుకు. ఒకరి పని మీద ఇంకొకరు రంపం పెట్టొద్దు.

ఒకసారి ఊళ్లె కొత్త రీడింగ్ రూమ్‌కు ఒక చెక్క తెర చేసి ఇద్దామనుకున్నం. ఆరు చట్రాలు, చట్రానికో నెమలి. హెడ్ క్లర్క్ సారు నన్ను ఉప్పు కాగితం పని చూసుకోమన్నడు. రాజేశమన్న వాదన పెట్టుకోలే. ఒక చెక్క తెచ్చి నా చేతిల పెట్టిండు, అంతే.

రెండు వారాలు కోసిన.

నెమలి ఎట్ల వస్తదో చూడాలని ఒకటే ఆత్రం. బయటి అంచు ముందే కోసేసిన. తర్వాత లోపల ఈకల కన్నులు కోస్తుంటే, చెక్కకు ఆసరా లేక ఊగింది. తల మీది తురాయి ఇరిగి కింద పడ్డది. అతికిస్తే నిలవలే. తెల్లారితే ఓపెనింగ్.

శనివారం సాయంత్రం అందరం మా నెమళ్లు అరుగు మీద పెట్టినం. హెడ్ క్లర్క్ సారు నాది చూసి కోప్పడలే. కోప్పడ్డా బాగుండేది.

"ఐదు చాలు తియ్. ఆరోదాని జాగల ఉత్త పలక పెడ్దాం."

ఇగ ఈ అరుగు ఎక్కొద్దని మనసుల అనేసుకున్న. ఆ ఊళ్లె బడి, కిరాయి రూమ్ తప్ప నాకంటూ ఉన్నది ఆ ఆదివారాలే.

రాజేశమన్న తన నెమలి చేతిలకు తీసుకున్నడు. ఆరిట్ల అదే అందమైనది, మెడ మీద ఒక్కొక్క ఈక వేరుగ కనపడేది. రంపం పట్టి, అందరు చూస్తుండంగనే దాని తురాయి కోసేసిండు. అంచు నున్నగ రుద్ది నా నెమలి పక్కన పెట్టిండు.

"గిప్పుడు రెండు ఒక్కతీరుగున్నయి. మిగిలినయి ఏంజేస్తరో మీ ఇష్టం."

ఒకాయన నవ్వి తనది కోసిండు. తర్వాత ఇంకో ఇద్దరు.

హెడ్ క్లర్క్ సారు మాత్రం తన నెమలి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. ఆఖరుకు లేచి వచ్చి దాన్ని నా చేతికిచ్చిండు.

"నాతోటి కాదు టీచరమ్మా. నువ్వే కొయ్యి."

కోసిన. అంచు రుద్ది మిగతా ఐదింటి పక్కన పెట్టిన.

ఓపెనింగ్‌ల కొందరు హంసలన్నరు, కొందరు బాతులన్నరు. ఒకాయన అయితే నాటుకోళ్లు మంచిగ కుదిరినయని మెచ్చుకున్నడు. మేం ఆరుగురం ఒకరి మొహం ఒకరం చూసుకోలే, నవ్వు ఆగదని.

లక్సెట్టిపేటకు ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా నేను ఒక్క ఆదివారం తప్పలే.

పోయిన నెల వీడియో కాల్‌ల ఆయనను అడిగిన. ఇన్నేండ్లల్ల ఎన్నడూ అడగని మాట. అంత మంచి నెమలి కదా, కోసేటప్పుడు బాధ కాలేదా అని.

ఏం బాధ చెల్లె, అని కొట్టిపారేస్తడనుకున్న. ఆయన అట్ల అనలే.

"అయింది. మస్తు అయింది. గసొంటి నెమలి మల్ల నా చేతిల రాలే. కానీ చెల్లె, వచ్చే ఆదివారం నువ్వు వస్తవో రావో అని నాకు ఫికరైంది. గా ఫికర్ ముంగట గదెంత?"

ఇన్నేండ్లు అది ఆయనకు అల్కగ, ఏ బాధ లేకుంట అయిన పని అనుకున్న. నిన్నటి నుంచి గుర్తు చేసుకుంటున్న, ఆయనకు ఒక్కసారన్న థాంక్స్ చెప్పిన్నా అని.

చెప్పలే.

అన్నా, అందరి ముంగట ఇక్కడ చెప్తున్న. థాంక్స్.

ఏ ఫికర్ లేకుంట పోయి రా. నువ్వెక్కడున్నా నీ మనసు నిమ్మళంగుండాలె.