శేషగిరి మాస్టారు మా ఇల్లు చూడటానికి వచ్చారు

నిన్న ఉదయం డ్యూటీ మారే టైములో మెసేజ్ చూశాను.

"మాస్టారు ఇక లేరు. తెల్లవారుజామున, గుడివాడలో ఇంట్లోనే."

మా స్కాలర్‌షిప్ పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రెండుసార్లు చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. వార్డులోకి వెళ్లి ఆరో బెడ్ పేషెంటుకి సెలైన్ మార్చాను. తర్వాత బీపీలు చూశాను.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. శేషగిరిరావు గారు రిటైరైన లెక్కల మాస్టారు. గుడివాడలో కొందరు కమిటీగా కలిసి, ఇంటర్ పాసైన పిల్లలకి పైచదువుకి స్కాలర్‌షిప్ ఇస్తారు. ఇచ్చే ముందు మాస్టారు ఆ పిల్లల ఇంటికి వెళ్లి చూసేవారు. నందివాడైనా, దివిసీమలో చివరి ఊరైనా బస్సులోనే వెళ్లేవారు. గ్లాసుడు మంచినీళ్లు తప్ప ఎవరింట్లోనూ ఏమీ ముట్టుకునేవారు కాదు.

నాకు నర్సింగులో సీటొచ్చిన ఏడాది మచిలీపట్నంలో మా ఇంటికి వస్తానని కబురు పంపారు.

మా ఇంట్లో కంగారు మొదలైంది. పెద్దమనిషి వస్తున్నారు, ఎక్కడ కూర్చోబెట్టాలి?

అమ్మ పక్కింటి ఫాతిమా ఖాలా దగ్గర సోఫా అడిగింది. స్టాండు ఫ్యానూ అడిగింది. ఆఖరికి బీరువా కూడా వచ్చింది.

"ఏంటే, పిల్లకి పెళ్లిచూపులా?" అంది ఖాలా.

"చదువు చూపులు. నువ్వు ముందు ఆ తలుపు పట్టుకో, గోడకి తగుల్తోంది" అంది అమ్మ.

నాన్నది రోల్డ్‌గోల్డ్ గాజులకి అతుకు పెట్టే పని. ఇంట్లోనే, ముందు గదిలో. ఆ రోజు సామానంతా తీసి దుప్పటి కప్పేశాడు.

మాస్టారు వచ్చారు. సోఫాలో కూర్చున్నారు. పళ్లెం నిండా పెట్టిన మిఠాయి ముట్టుకోలేదు.

"మీరేం చేస్తుంటారండి?" అని అడిగారు.

"బిజినెస్సండి" అన్నాడు నాన్న. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

వారం తర్వాత లిస్టు వచ్చింది. నా పేరు లేదు.

కాలేజీలో చేరడానికి పది రోజులే ఉంది. హాస్టల్‌కీ పుస్తకాలకీ ఈ స్కాలర్‌షిప్ తప్ప ఇంకో దారి లేదు. సీటు వదిలేసుకుందామని నాన్న అనలేదు. రాత్రిళ్లు కూడా గాజులు అతుకుతూ కూర్చున్నాడు. అది చూసి భయం వేసింది.

అమ్మకి మాత్రం చెప్పి గుడివాడ బస్సెక్కాను.

మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. నన్ను గుర్తుపట్టారు.

"బందరు అమ్మాయివి కదూ. మీకంటే అవసరం ఉన్నవాళ్లు ఉన్నారమ్మా. ఏమీ అనుకోకు."

"ఆ సోఫా మాది కాదండి" అన్నాను.

ఆయన పేపరు దించారు.

"ఫ్యానో?"

"అదీ కాదండి."

"బీరువా?"

"పక్కింటిదేనండి."

"అంత బీరువా మోసుకొచ్చారా!"

"నలుగురు పట్టారండి."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. అది చూసి ఆపేశారు.

"మీరు పెద్దవారని తెచ్చాం అంతేనండి. మోసం చేద్దామని కాదు. నేనొచ్చినట్టు మా నాన్నకి చెప్పకండి. ఆయన పరువు పోతుంది."

"సరే, వెళ్లు" అన్నారు. మళ్లీ పేపరు ఎత్తారు.

రెండో రోజు పొద్దున్నే, ఏ కబురూ లేకుండా మా గుమ్మంలో ఉన్నారు. నాన్న బనియనుతో, గాజులు అతికే మంట ముందు కూర్చుని ఉన్నాడు. చొక్కా కోసం లేవబోయాడు.

"కూర్చోండి, కూర్చోండి. తప్పు నాదేనండి. ఏం బిజినెస్సో రాసుకోవడం మర్చిపోయాను. వయసు మీద పడుతోంది" అన్నారు మాస్టారు.

నాన్న పక్కనే చాప మీద కూర్చున్నారు. పని చూపించమన్నారు. మంట ఎంత ఉండాలి, కళ్లు ఎప్పుడు మండుతాయి, రోజుకి ఎన్ని గాజులవుతాయి, అన్నీ అడిగారు. నాన్న గంటసేపు చెప్పాడు. తన పని గురించి ఆయన అంతసేపు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ఆ రోజు మాస్టారు మా ఇంట్లో టీ తాగారు.

కమిటీలో ఏం జరిగిందో చాలా ఏళ్లకి తెలిసింది. లిస్టు అయిపోయింది, మార్చం అన్నారట మిగతావాళ్లు. "మొదటిసారి నేను సరిగ్గా చూడలేదు. నా పొరపాటుకి ఆ పిల్ల చదువు ఆగకూడదు" అని కాగితం రాసి, మాస్టారు నిలబడి చదివారట. నా పేరు చేర్చేదాకా కూర్చోలేదట.

నాలుగేళ్లూ స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ ఏడాది నుంచి మాస్టారు ఎవరింటికీ ముందుగా కబురు పంపలేదు.

నాన్నకి ఫోన్లో చదివే అలవాటు లేదు. అందుకే ఇదంతా ఇక్కడ రాయగలుగుతున్నాను.

నిన్న డ్యూటీ అయ్యాక ఇంటికి ఫోన్ చేసి నాన్నకి విషయం చెప్పాను.

"మంచి మనిషమ్మా. మతిమరుపొక్కటే. పాపం, దాని వల్ల అంత దూరం మనింటికి మళ్లీ రావాల్సొచ్చింది" అన్నాడు.

"అవును నాన్నా" అన్నాను.

మాస్టారూ, నాన్నని అలాగే అనుకోనిస్తాను. ఇక మీరు తిరిగింది చాలు. ప్రశాంతంగా పడుకోండి.

– షాహీన్