మా వదిన తొమ్మిదేళ్ళ మందు

మా వదిన, అంటే మా ఆయన అక్క, మా ఇంట్లోనే ఉంటుంది, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అద్దాన్ని ఫ్రేముకు సరిపడేలా అరగదీసి బిగించడం ఆవిడ పని. కంటిపాప ఎక్కడుందో కొలిచి అద్దం మీద చుక్క పెడుతుంది. ఆ చుక్క ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా జోడు పెట్టుకున్నవాళ్ళకు తలనొప్పి వస్తుంది. ఆవిడ జరగనివ్వదు. అందుకే తోటి పనివాళ్ళు మిల్లీమీటరమ్మ అని పేరు పెట్టారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "రోజంతా ముక్కులకీ చెవులకీ జత కుదర్చడంతోనే సరిపోతోంది" అంటుంది.

పనిచేసేటప్పుడు తల వంచుకోవాలి. పైన తెల్లటి దీపం, బల్లకు అవతల కొనడానికి వచ్చినవాళ్ళు. అంటే వాళ్ళంతా చూసేది ఆవిడ ముఖం కాదు, పాపిట. ముప్పై ఆరో ఏట ఆ పాపిట వెడల్పు కావడం మొదలైంది. ఒకరోజు ఒక పెద్దమనిషి కొత్త జోడు పెట్టుకుని, "భలే స్పష్టంగా ఉందమ్మా, నీ మాడు కూడా కనిపిస్తోంది" అన్నాడట. ఆవిడా నవ్విందట. ఆ సాయంత్రమే మందుల షాపుకు వెళ్ళి, జుట్టు రాలకుండా తలకు రాసుకునే మినాక్సిడిల్ తెచ్చుకుంది.

ఇదంతా మాకు తొమ్మిదేళ్ళ తర్వాత తెలిసింది. అంతవరకూ ఆ మందును కళ్ళద్దాలు తుడిచే ద్రావకం సీసాలో పోసుకుని తన అలమరలో పెట్టుకునేది. డబ్బానూ, అందులోని జాగ్రత్తల కాగితాన్నీ చదవకుండానే షాపు బయట చెత్తబుట్టలో పడేసి వచ్చేది. పొద్దున ఒక మిల్లీలీటరు, రాత్రి ఒక మిల్లీలీటరు. ఒక్క పూట తప్పితే ఒట్టు. తల మీద కొలిచి వేసింది తల మీదే ఉంటుందని ఆవిడ నమ్మకం. చుక్క పెడితే పెట్టిన చోటే ఉండడం అలవాటైన మనిషి మరి.

మా బాబు పుట్టాక, నేను పొద్దున తొమ్మిదికే ఆఫీసుకు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేదాన్ని. ఆవిడ డ్యూటీ మధ్యాహ్నం నుంచి. ఆ పొద్దుటి వేళంతా బుడ్డోడు ఆవిడ సొత్తు. ఎనిమిదో నెలలో వాడికొక అలవాటు పట్టుకుంది. వదిన మంచానికి ఆనుకుని కింద కూర్చుంటే, మంచం మీద పాక్కుంటూ వచ్చి, ఎడమచెయ్యి ఆవిడ నుదుటి మీదుగా వేసి, ఎడమ బుగ్గ పాపిటకు ఆనించి నిద్రపోయేవాడు. మెడ పట్టేసినా ఆవిడ కదిలేది కాదు. నాకు కొంచెం కుళ్ళుగానే ఉండేది. నా దగ్గర పడుకోబెడితే వెధవ గింజుకునేవాడు.

పదో నెలలో వాడి బుగ్గ మీద నల్లటి నూగు కనిపించింది. మా ఆయన "నాన్న పోలిక" అని మీసం దువ్వుకున్నాడు. నెల తిరిగేసరికి నూగు కాస్తా వెంట్రుకలైంది, చేతి మీదా వచ్చింది. పిల్లల డాక్టరమ్మ హార్మోన్ల తేడా కావచ్చని రక్తం తీయించి, స్కానింగు రాసింది. సూది గుచ్చినప్పుడు వాడు ఏడ్చిన ఏడుపుకు నా ప్రాణం విలవిల్లాడింది.

స్కానింగుకు ముందురోజు వదిన వాణ్ణి లైటు కింద కూర్చోబెట్టి, దుకాణం స్కేలుతో రెండు బుగ్గలూ కొలిచింది. కుడిబుగ్గ నున్నగా ఉంది. ఎడమ చేతి మీదే వెంట్రుకలున్నాయి, అదీ మోచేతి దాకా మాత్రమే. ఆవిడ స్కేలు కింద పెట్టేసింది.

"ఇది నా వల్లే వచ్చిందే," అంటూ అలమరలోంచి సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. సంగతంతా చెప్పింది.

నేనన్న మాటలు రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. "మీ జుట్టు కోసం నా బిడ్డకి విషం పూశారా?" అన్నాను. అంతకంటే పెద్దవీ అన్నాను.

మర్నాడు ఆసుపత్రిలో వదినను బయట బెంచీ మీదే కూర్చోమన్నాను. డాక్టరమ్మ సీసా సంగతి విని, వాడి గుండె, రక్తపోటు చూసి, ఇక స్కానింగు అక్కర్లేదంది. మందు రాసుకున్న తల తగిలితే పసివాళ్ళ ఒంటికీ అంటుకుంటుందట. తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో ఆ వెంట్రుకలు వాటంతట అవే పోతాయంది.

"మీ వదినగారు మానెయ్యక్కర్లేదు. ఏళ్ళ తరబడి వాడినా చాలామందికి ఏమీ కాదు. మాడు మంటపుట్టినా, గుండెదడ, కాళ్ళవాపు వచ్చినా చూపించుకోవాలి, అంతే. రాసుకున్నాక చేతులు కడుక్కోమనండి, తలస్నానం చేశాకే పిల్లాణ్ణి దగ్గరకి తీసుకోమనండి. మానేస్తే మాత్రం మందుతో నిలబడ్డ జుట్టు నాలుగైదు నెలల్లో పోతుంది," అంది.

నేను బయటకు రాగానే వదిన లేచి నా ముఖంలోకి చూసింది.

"వాడికేం కాదట. మీరు మాత్రం దూరంగా ఉండండి," అన్నాను. మిగతాది చెప్పలేదు. మరిచిపోయి కాదు, కోపంతోనే చెప్పలేదు.

ఆవిడ ఆ రోజునుంచే మందు మానేసింది. నేను వాణ్ణి క్రెష్‌లో దించడం మొదలుపెట్టాను. బుగ్గ నున్నబడుతూ వచ్చింది. ఇక్కడ ఆవిడ దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడి వచ్చేది. పాపిట దాచుకోవడానికి వీల్లేని పని, అదే దీపం కింద రోజూ తల వంచేది. వాడు "త్తా" అని చేతులు చాస్తే వంటింట్లోకి వెళ్ళిపోయేది. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. పౌరుషం అడ్డొచ్చింది.

ఐదు నెలలు గడిచాక, ఒక ఆదివారం ఆవిడ గచ్చు మీద రాలిన వెంట్రుకలు ఏరుకుంటుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

"వదినా, మందు మానక్కర్లేదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. నేనే మీకు చెప్పకుండా దాచాను."

ఆవిడ ఏరడం ఆపలేదు. "తెలుసు. ఆ రోజు నువ్వు కౌంటరు దగ్గర బిల్లు కడుతున్నప్పుడు నేను లోపలికెళ్ళి అడిగాను. నా బీపీ కూడా చూసింది. నిక్షేపంగా ఉన్నానంది."

"మరెందుకు మానేశారు?"

"వాడు నా మీద వాలినప్పుడల్లా రాసి ఎన్ని గంటలైందా అని లెక్కలేసుకుంటూ కూర్చోలేనమ్మా. రోజంతా కొలతలే, ఇంటికొచ్చి కూడానా?"

"మానేశారుగా, మరి ఇన్నాళ్ళూ వాణ్ణి ఎందుకు ఎత్తుకోలేదు?"

ఆవిడ తలెత్తి చూసింది. "నువ్వు ఇవ్వలేదుగా."

కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. లోపల నిద్రపోతున్నవాణ్ణి అలాగే ఎత్తుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.